చెక్క గోడల పాత పెయింట్ తీయడానికి ఏది మేలు: గీకడమా, కెమికలా, వేడా, వాషరా?

ఇంటి బయటి చెక్క పలకల మీద పెయింట్ పెచ్చులు లేస్తుంటే ఎవరికైనా మొదట తోచేది ఒకటే. మొత్తం ఊడబెరికి కొత్తగా వేయించేద్దామని. ఆ వెంటనే టెన్షన్ మొదలవుతుంది. ఒకరు హీట్ గన్ అంటారు, ఇంకొకరు కెమికల్ పూస్తే చాలంటారు, మరొకరు ప్రెజర్ వాషర్ తెచ్చి ఒక్కరోజులో లేపేస్తామంటారు. ఏ ఒక్కరి మాటా పూర్తిగా తప్పు కాదు. కానీ ఒక గోడకు మేలు చేసిన పద్ధతే ఇంకో గోడను పాడు చేస్తుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పెయింట్ ఎలా తీయాలన్నది రెండో ప్రశ్న. తీశాక ఆ చెక్క మీద ఏం వేయబోతున్నారన్నది మొదటి ప్రశ్న. మళ్లీ పెయింటే వేసేటట్టయితే గట్టిగా అంటుకుని ఉన్న పాత పొరను కదిలించనక్కర్లేదు, ఊడేది ఊడదీస్తే చాలు. చెక్క చారలు కనబడేలా స్టెయిన్ (చెక్కలోకి ఇంకే పలుచటి రంగు) వేయాలనుకుంటే మాత్రం పాత పెయింట్ ఆనవాలు కూడా మిగలకూడదు. స్టెయిన్ చెక్కలోకి ఇంకాలి, పెయింట్ మిగిలిన చోట అది ఇంకదు, మచ్చలు మచ్చలుగా పైనే నిలిచిపోతుంది. ఈ ఒక్క నిర్ణయం మీద పని, ఖర్చు, చెత్త అన్నీ ఎన్నో రెట్లు మారిపోతాయి. చాలామంది ఇది తేల్చుకోకుండానే మెషిన్ అద్దెకు తెచ్చుకుంటారు.

## పద్ధతి కంటే ముందు చూడాల్సినవి

ఎందుకు ఊడుతోంది? ఊడిన పెచ్చునొకదాన్ని చేతిలోకి తీసుకుని వెనక్కి తిప్పి చూడండి. వెనక కూడా పెయింటే ఉండి, గోడ మీద ఇంకో పాత పొర కనబడితే, పొరకూ పొరకూ మధ్య పట్టు లేదన్నమాట. మురికి కడగకుండానో, మెరుస్తున్న పాత పెయింట్‌ను గరుకు చేయకుండానో పైన వేసేశారు. పెచ్చు వెనక సన్నటి చెక్క పీచు అంటుకుని ఉంటే, పెయింట్ వేసేనాటికే చెక్క పైపొర ఎండకు మాడి బలం పోయిందని అర్థం. పెచ్చు శుభ్రంగా ఊడి ఒట్టి చెక్క బయటపడితే, అదీ బాత్‌రూమ్ గోడకు బయటివైపు, పైకప్పు గట్టర్ కారే మూలలో, కిటికీ కింద మాత్రమే జరుగుతుంటే, అది నీళ్ల పని. ఆ నీళ్ల దారి మూయకుండా ఎంత ఖరీదైన పెయింట్ వేసినా మళ్లీ అక్కడే లేస్తుంది.

మిగిలిన పెయింట్‌కు పట్టు ఉందా? పదునైన బ్లేడుతో పాత పెయింట్ మీద ఇంటూ గుర్తు వేసినట్టు చెక్క తగిలేదాకా కోయండి. కోసిన చోట గట్టి టేపు అంటించి బొటనవేలితో బాగా రుద్ది, ఒక్క ఉదుటున లాగండి. టేపు శుభ్రంగా వస్తే ఆ పెయింట్‌ను అలాగే ఉంచి పైన వేయొచ్చు. గీతల పక్కనుంచి ముక్కలు లేచి వస్తే ఆ చోట తీయాల్సిందే. ఇంటికి ఒక్కచోట కాదు, నాలుగు గోడల మీదా, పైనా కిందా చేయండి. ఎండ బాగా తగిలే గోడ ఒకలా, నీడలో ఉండే గోడ ఇంకోలా ఉంటాయి. చాలా ఇళ్లలో ఒకటో రెండో గోడలకే పూర్తి పని అవసరమని ఈ చిన్న పరీక్షతో బయటపడుతుంది.

ఎంత మందం? దశాబ్దాల తరబడి పొర మీద పొర వేసిన గోడలు ఎండిన చెరువు నేలలా నెర్రెలు బారుతాయి. మందమైన పొర చెక్కతో పాటు సాగలేదు, ముడుచుకోలేదు, అందుకే పగుళ్లు చెక్కదాకా దిగుతాయి. ఈ దశకు వచ్చిన గోడకు పైపై మరమ్మతు పనికిరాదు. కొత్త పెయింట్ బరువు కూడా తోడై పాతది ఇంకా తొందరగా ఊడుతుంది.

సీసం ఉందా? పాత ఇల్లయితే ఈ ప్రశ్నే అన్నిటికంటే పెద్దది. అమెరికాలో ఇళ్ల పెయింట్లలో సీసాన్ని 1978లో నిషేధించారు. మన దేశంలో 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90 పాళ్లు) పరిమితి అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో. అంటే పెయింట్ వేసిన కాలాన్ని బట్టి అనుమానించాలి. చిన్న ముక్కను అడుగు పొరతో సహా తీసి ల్యాబ్‌కు పంపితే ఖచ్చితంగా తేలుతుంది. సీసం దుమ్ము పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బ తీస్తుంది. గోడ కింది మట్టిలో కలిస్తే ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది. సీసం ఉందని తేలితే కింద చెప్పిన పద్ధతుల్లో సగం వెంటనే పక్కకు పోతాయి.

అసలు చెక్క ఎలాంటిది? చిత్రిక పట్టిన నున్నటి పలకలా, రంపపు గరుకు ఉన్నవా, ఒకదాని మీద ఒకటి పేర్చిన చెక్క పెంకులా, ప్లైవుడ్ షీట్లా, దుంగలా? ప్లైవుడ్ పైపొర చాలా పలుచన, గట్టిగా సాండింగ్ చేస్తే కింది పొర బయటపడుతుంది. చెక్క పొడిని అదిమి చేసిన బోర్డులైతే నీళ్లు తగిలితే ఉబ్బుతాయి, వాటిని ఒట్టి చెక్కలా చూడకూడదు. దేవదారు, రెడ్‌వుడ్ లాంటి మెత్తటి చెక్కలకు ప్రెజరూ, గట్టి మెషిన్లూ పడవు.

ఇంకొకటి. స్క్రూడ్రైవర్ మొనతో పలకల కింది అంచుల్లో, కోసిన కొసల దగ్గర, కిటికీల కింద పొడిచి చూడండి. మెత్తగా దిగిందంటే చెక్క చివికింది. ఆ పలక పెయింట్ తీయడం వృథా శ్రమ, మార్చేయాలి.

## తీసే పద్ధతులు, ఒక్కొక్కటిగా

మొదట ఒక్క చూపులో పోలిక చూడండి. వివరాలు దాని కింద.

| పద్ధతి | చెక్కదాకా వస్తుందా | చెక్కకు ముప్పు | సీసం ఉంటే | వేగం |
|---|---|---|---|---|
| చేత్తో గీకడం | ఊడేది మాత్రమే | తక్కువ | తడిపి గీకితే ఫరవాలేదు | మధ్యస్థం |
| సాండింగ్ మెషిన్ | వస్తుంది | మధ్యస్థం | హెపా (సన్నటి దుమ్మును పట్టే) వాక్యూమ్ లేకుండా వద్దు | మధ్యస్థం |
| కెమికల్ | వస్తుంది, మందమైతే రెండు విడతలు | రకాన్ని బట్టి | దుమ్ము రాదు, మేలు | నెమ్మది |
| హీట్ గన్ | వస్తుంది | మాడే ప్రమాదం, నిప్పు | వేడి అదుపులో ఉంటేనే | నెమ్మది |
| ఇన్‌ఫ్రారెడ్ హీటర్ | వస్తుంది | తక్కువ | మేలైన పద్ధతుల్లో ఒకటి | మధ్యస్థం |
| ప్రెజర్ వాషర్ | ఊడేది మాత్రమే | ఎక్కువ | వద్దు | చాలా వేగం |
| బ్లాస్టింగ్ | వస్తుంది | ఆపరేటర్ చేతిలో ఉంది | నిపుణులు మాత్రమే | వేగం |

### చేత్తో గీకడం

అందరూ చిన్నచూపు చూసే పద్ధతి ఇది. మళ్లీ పెయింటే వేసేవాళ్లలో చాలామందికి సరిపోయేది కూడా ఇదే. కావాల్సిందల్లా కార్బైడ్ బ్లేడు ఉన్న లాగుడు స్క్రేపర్. మామూలు లప్పం గరిటెతో తోస్తూ కూర్చుంటే భుజం నొప్పి తప్ప ఏమీ రాదు. బ్లేడు పదునుగా ఉండాలి, చెక్క చారల వెంబడే లాగాలి, అడ్డంగా లాగితే గాట్లు పడతాయి. మేకు తలల్ని గీకే ముందే లోపలికి దించుకోండి, లేకపోతే బ్లేడు అంచు విరుగుతుంది.

దీని లోటు అంచుల దగ్గర ఉంది. గీకిన చోటుకూ మిగిలిన పెయింట్‌కూ మధ్య చిన్న మెట్టు మిగులుతుంది. 80 నంబరు సాండ్‌పేపర్‌తో ఆ మెట్టును వాలుగా అరగదీయకపోతే కొత్త పెయింట్ కింద స్పష్టంగా కనబడుతుంది, పైగా తేమ మొదట చొరబడేది అక్కడే. అంచులు ఎంత అరగదీసినా గోడ కొత్త చెక్కలా సాఫీగా రాదు. దగ్గరికి వెళ్లి చూసినప్పుడు ఎత్తుపల్లాలు కనబడితే తట్టుకోలేనివాళ్లకు ఇది తృప్తినివ్వదు.

### సాండింగ్

గీకాక మిగిలిన దాన్ని సరిచేయడానికి సాండింగ్ అద్భుతం. మందపాటి పెయింట్ తీయడానికి మాత్రం మంచి దారి కాదు. రాపిడికి పెయింట్ వేడెక్కి మెత్తబడి సాండ్‌పేపర్‌కు అంటుకుంటుంది, నిమిషాల్లో పేపరు పూడుకుపోతుంది. ఆర్బిటల్ మెషిన్ వాడండి. బెల్ట్ సాండర్ ఒక్క క్షణం ఎక్కువసేపు ఒకేచోట ఆగితే పలకలో గుంట పడుతుంది. గ్రైండర్‌కు బిగించే డిస్కులు మరీ వేగంగా తీస్తాయి కానీ అవి వేసే గుండ్రటి గీతల్ని స్టెయిన్ మరింత ఎత్తి చూపుతుంది.

స్టెయిన్ వేయబోతుంటే మరీ నునుపు చేయకండి. 60 నుంచి 80 నంబరు దగ్గర ఆపేయాలి. అంతకంటే సన్నటి పేపర్ వాడితే చెక్క రంధ్రాలు మూసుకుపోయి స్టెయిన్ తక్కువ ఇంకుతుంది, తొందరగా వెలిసిపోతుంది. బయటి గోడ టేబుల్ పైభాగంలా ఉండనక్కర్లేదు.

### కెమికల్

డబ్బాల మీద అన్నిటికీ పెయింట్ రిమూవర్ అనే ఉంటుంది కానీ లోపలి సరుకు వేరు. మూడు రకాలు తెలిస్తే చాలు.

మొదటిది మిథిలీన్ క్లోరైడ్. చాలా వేగంగా పనిచేస్తుంది, చాలా ప్రమాదకరం. దీని ఆవిరి పీల్చి పనివాళ్లు చనిపోయిన సంఘటనలు ఉన్నాయి. అమెరికాలో 2019లో మామూలు వినియోగదారులకు పెయింట్ తీయడానికి అమ్మకూడదని నిషేధించారు. ఆరుబయటే కదా అని కూడా దీని జోలికి పోవద్దు.

రెండోది కాస్టిక్, అంటే సోడియం హైడ్రాక్సైడ్ ఉన్న ముద్ద. పాత ఆయిల్ పెయింట్లను సబ్బులా మార్చి కరిగిస్తుంది. ఎన్ని పొరలున్నా దిగుతుంది, ఖర్చు తక్కువ. కానీ దేవదారు, రెడ్‌వుడ్, ఓక్ లాంటి టానిన్ (చెక్కలో సహజంగా ఉండి మరకలు చేసే పదార్థం) ఎక్కువున్న చెక్కల్ని నల్లగా చేస్తుంది, ఎక్కువసేపు ఉంచితే పీచు లేచి మెత్తబడుతుంది. అన్నిటికంటే ముఖ్యమైనది, పని అయ్యాక దాని క్షారగుణాన్ని విరిచేయాలి. ఆక్సాలిక్ లేదా సిట్రిక్ యాసిడ్ కలిపిన నీళ్లతో కడిగి, పీహెచ్ పేపర్‌తో చూసి, తటస్థానికి వచ్చిందని నిర్ధారించుకున్నాకే ముందుకెళ్లాలి. నీళ్లతో కడిగేశాం, చాలని వదిలేసిన గోడ మీద కొత్త పెయింట్ వేస్తే, చెక్కలో మిగిలిన క్షారం ఆ పెయింట్‌ను కూడా కరిగించడం మొదలుపెడుతుంది. కాస్టిక్ వాడినవాళ్లు ఏడాది తిరక్కుండానే పెయింట్ ఊడిందని బాధపడితే మొదట అనుమానించాల్సింది ఈ మిగులునే.

మూడోది బెంజైల్ ఆల్కహాల్ లాంటి నెమ్మదైన ద్రావకాలతో చేసినవి. వాసన తక్కువ, చెక్క నల్లబడదు. గంటల తరబడి ఉంచాలి, ఆరిపోకుండా పైన ప్లాస్టిక్ షీట్ కప్పాలి. ఖరీదు ఎక్కువ. కిటికీల చుట్టూ చెక్కిన అలంకారాలకు, స్క్రేపర్ దూరని మూలలకు ఇవే నయం. గోడంతా వీటితోనే చేయాలంటే చాలా ఓపిక, డబ్బు కావాలి.

మీ గోడ మీద ఉన్నది పెయింట్ కాదు, పాత స్టెయిన్ అయితే ఇంత దూరం రానక్కర్లేదు. సోడియం పెర్‌కార్బనేట్ ఉన్న వుడ్ క్లీనర్ పూసి, బ్రష్‌తో రుద్ది కడిగితే వెలిసిన స్టెయిన్, బూడిద రంగు పైపొర చాలావరకు వెళ్లిపోతాయి. ఆ తర్వాత ఆక్సాలిక్ యాసిడ్ పూస్తే మేకుల చుట్టూ ఉన్న నల్లటి ఇనుము మరకలు పోయి చెక్క అసలు రంగు తేలుతుంది.

మొక్కల్ని ముందే బాగా తడిపి, ప్లాస్టిక్ కప్పి, పని అయ్యాక మళ్లీ కడగండి. కళ్లద్దాలు, పొడవాటి రబ్బరు గ్లౌజులు తప్పనిసరి. కాస్టిక్ కంట్లో పడితే చూపు పోతుంది.

### వేడి: హీట్ గన్, ఇన్‌ఫ్రారెడ్

మందపాటి పాత పెయింట్‌కు వేడిని మించినది లేదని నా నమ్మకం, అదీ ఇన్‌ఫ్రారెడ్ అయితే, అంటే వేడి గాలి ఊదకుండా కిరణాలతో వేడి చేసే హీటర్ అయితే. పలక మీద హీటర్‌ను కాసేపు ఉంచి తీయగానే పెయింట్ ఉబ్బి, ముడతలు పడి, మెరుపు పోతుంది. ఆ సమయంలో స్క్రేపర్ పెడితే ఎన్ని పొరలున్నా ఒకే పట్టీగా, మెత్తటి ముద్దలా లేచి వస్తుంది, కింద చెక్క పొడిగా, శుభ్రంగా కనబడుతుంది. దుమ్ము దాదాపు ఉండదు. ఉబ్బిన వెంటనే గీకాలి, ఆలస్యమైతే గట్టిపడి మొండికేస్తుంది. పెయింట్ నుంచి పొగ వస్తోందంటే ఎక్కువసేపు ఉంచారని గుర్తు.

హీట్ గన్ కూడా ఇదే సూత్రం, కానీ గాలి ఒకేచోట కేంద్రీకరించి కొడుతుంది. కిటికీ పక్కన తగిలితే అద్దం పగులుతుంది. వేడి మరీ పెరిగితే పెయింట్‌లోని సీసం ఆవిరిగా మారి ఊపిరిలోకి వెళ్తుంది. అందుకే అమెరికా నిబంధనలు సీసం పెయింట్ మీద 1,100 ఫారెన్‌హీట్, అంటే సుమారు 590 సెల్సియస్ దాటే హీట్ గన్లను, మంటతో కాల్చడాన్ని పూర్తిగా నిషేధించాయి. ఇన్‌ఫ్రారెడ్ పరికరాలు దీనికి చాలా తక్కువ వేడిలో పనిచేస్తాయి.

వేడితో అసలు భయం నిప్పు. పలకల సందుల్లోంచి వేడి గాలి గోడ లోపలికి దూరుతుంది. అక్కడ ఏళ్లనాటి దుమ్ము, ఎండుటాకులు, పక్షి గూళ్లు ఉంటాయి. అవి మంట లేకుండా లోలోపల కుములుతూ గంటల తర్వాత అంటుకుంటాయి. కాబట్టి వేడి పని మధ్యాహ్నానికే ఆపేయండి, సాయంత్రం దాకా ఇంటి దగ్గర మనిషి ఉండాలి, నీళ్ల పైపు, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ చేతికందే దూరంలో పెట్టుకోవాలి. బ్లో టార్చ్‌తో పెయింట్ కాల్చేస్తామనే పనివాడికి పని ఇవ్వకండి.

### ప్రెజర్ వాషర్

కడగడానికి బాగుంటుంది, పెయింట్ తీయడానికి కాదు. ఊడబోతున్న పెచ్చులు ఎగిరిపోతాయి, గట్టిగా ఉన్నది అలాగే ఉంటుంది, మధ్యలో మెత్తటి చెక్క పీచు లేచి గోడంతా నూగు పట్టినట్టవుతుంది. పలకల కింది అంచు నుంచి పైకి కొడితే నీళ్లు నేరుగా గోడ లోపలికి వెళ్తాయి, ఇన్సులేషన్ తడుస్తుంది. ఇక సీసం ఉంటే ఆ ముక్కలు పెరట్లో, పక్కింటి వాళ్ల ఆవరణలో పడతాయి.

కడగడానికే వాడినా నేనైతే మెత్తటి చెక్క మీద నీళ్ల ఒత్తిడిని 1,000 పీఎస్‌ఐ దాటనివ్వను. వెడల్పాటి 40 డిగ్రీల నాజిల్, ఒక అడుగు దూరం, ఎప్పుడూ పైనుంచి కిందికే. కడిగాక ఎన్ని రోజులు ఆగాలన్నది క్యాలెండర్ చెప్పదు, తేమ మీటర్ చెప్పాలి. చెక్కలో తేమ 15 శాతం లోపుకు వచ్చాకే ప్రైమర్.

### బ్లాస్టింగ్

అంటే గాలి ఒత్తిడితో పొడిని గోడ మీదికి చిమ్మి పెయింట్ లేపేయడం. ఇసుకతో వద్దు. చెక్కలో మెత్తటి చారల్ని తవ్వేసి గట్టి చారల్ని మిగులుస్తుంది. మొక్కజొన్న బెండ్ల పొడి, అక్రోట్ పెంకుల పొడి లాంటి మెత్తటి పదార్థాలతో చేస్తారు, ముఖ్యంగా దుంగల ఇళ్లకు అది బాగా నప్పుతుంది, ఎందుకంటే గుండ్రటి దుంగ మీద వేరే ఏ పనిముట్టూ సరిగా కూర్చోదు. తర్వాత లేచిన పీచును బ్రష్‌తోనో సాండింగ్‌తోనో తీయాలి. బేకింగ్ సోడాతో చేసే సోడా బ్లాస్టింగ్ చేయిస్తే క్షారం మిగులుతుంది, కాస్టిక్ సంగతిలాగే దాన్ని విరవకుండా పెయింట్ వేయకూడదు.

### పలకలే మార్చేయడం

చివికిన పలకలు గోడలో పావు వంతు దాటాయనుకోండి, ఆ గోడ మొత్తాన్ని విప్పడం గురించి ఆలోచించడమే మంచిదని నా లెక్క. విప్పినప్పుడు వెనక వాటర్‌ప్రూఫ్ పొర వేసుకోవచ్చు, నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో కళ్లారా చూడొచ్చు. కొత్త పలకలకు బిగించే ముందే ఆరు వైపులా, అంటే వెనకవైపు, కోసిన కొసలతో సహా ప్రైమర్ కొట్టండి. కొసల నుంచి చెక్క నీళ్లు పీల్చుకునే వేగం మిగతా ముఖాలకంటే చాలా ఎక్కువ.

## పైన ఏం వేయాలి

| కోటింగ్ | సుమారు మన్నిక | కింద పాత పెయింట్ ఉండొచ్చా | పాడయ్యేటప్పుడు |
|---|---|---|---|
| ప్రైమర్, రెండు కోట్ల అక్రిలిక్ పెయింట్ | 7 నుంచి 10 ఏళ్లు | పట్టు ఉంటే ఉండొచ్చు | పెచ్చులుగా ఊడుతుంది |
| రంగు పూర్తిగా కప్పే స్టెయిన్ | 3 నుంచి 7 ఏళ్లు | ఉండొచ్చు | వెలుస్తుంది, కొన్నిచోట్ల ఊడుతుంది |
| చారలు కనబడే స్టెయిన్ | నున్నటి చెక్కపై 2 నుంచి 4 ఏళ్లు | అసలు కుదరదు | వెలుస్తుంది, ఊడదు |
| రంగు లేని నూనె, వాటర్ రిపెల్లెంట్ | ఏడాది, రెండేళ్లు | అసలు కుదరదు | మాయమవుతుంది, చెక్క బూడిద రంగుకు తిరుగుతుంది |

ఈ మన్నికలు చెక్క సరిగా సిద్ధం చేసినప్పటి మాట. ఎండ గోడ మీద తక్కువ వైపుకు, నీడ గోడ మీద ఎక్కువ వైపుకు జరుగుతాయి. గరుకు చెక్క స్టెయిన్‌ను ఎక్కువ పీల్చుకుంటుంది కాబట్టి అక్కడ ఇంకా ఎక్కువ నిలుస్తుంది.

పట్టికలో చివరి నిలువు వరుస, అంటే పాడయ్యేటప్పుడు ఏమవుతుందన్న దాని మీద మనసు పెట్టండి. పెయింట్ ఎక్కువ కాలం ఉంటుంది, కానీ పోయేటప్పుడు మళ్లీ ఈ గీకుడంతా మీ నెత్తిన పెట్టి పోతుంది. చారలు కనబడే స్టెయిన్ తొందరగా వెలుస్తుంది, కానీ కడిగి ఇంకో కోటు కొట్టడమే, గీకే పని ఎప్పటికీ లేదు. పదేళ్లకోసారి పెద్ద పని చేసుకుంటారా, మూడేళ్లకోసారి చిన్న పని చేసుకుంటారా అన్నది మీ తీరును బట్టి ఉంటుంది. ఒక్కటి మాత్రం వద్దు: బయటి గోడకు మెరిసే వార్నిష్. ఎండ దానిగుండా చెక్కను తాకి అడుగున చెక్కనే విరగ్గొడుతుంది, రెండు మూడేళ్లలోనే పసుపెక్కి పగిలి ఊడుతుంది, దాన్ని తీయడం పెయింట్ తీయడమంత కష్టం.

పెయింట్ వేసేటట్టయితే ప్రైమర్ విషయంలో పొదుపు చేయకండి. దేవదారు, రెడ్‌వుడ్ మీద టానిన్ మరకలు ఆపే ప్రైమర్ వాడాలి, లేకపోతే తెల్ల పెయింట్ మీద గోధుమరంగు మరకలు తేలుతాయి. కణుపుల మీద షెల్లాక్ ప్రైమర్ చుక్కలుగా వేయండి. ఇంకొక మాట, ఒకదాని మీద ఒకటి ఎక్కే పలకల కింది అంచు సందును సీలెంట్‌తో మూయకండి. లోపల చేరిన తేమ బయటికి పోయే దారి అదే.

## మీది ఏ పరిస్థితి?

ఒక గోడే ఊడింది, ఖర్చు పెట్టే స్తోమత తక్కువ. గీకి, అంచులు అరగదీసి, ఒట్టి చెక్క కనబడిన చోటల్లా ప్రైమర్ కొట్టి, ఆ గోడ మొత్తానికి రెండు కోట్లు వేయండి. మిగిలిన మూడు గోడలు టేప్ పరీక్ష నెగ్గితే వాటిని కడిగి వదిలేయొచ్చు.

పాత ఇల్లు, సీసం ఉంది, ఇంట్లో చిన్నపిల్లలు. వీలైతే శిక్షణ ఉన్న కాంట్రాక్టర్‌కు ఇవ్వండి. మీరే చేయక తప్పకపోతే ఇన్‌ఫ్రారెడ్ లేదా బెంజైల్ ఆల్కహాల్ కెమికల్, తడిపి గీకడం. నేల మీద గోడ నుంచి కనీసం పది అడుగుల దాకా మందపాటి ప్లాస్టిక్ పరిచి, కిటికీలు మూసి, పీ100 ఫిల్టర్ ఉన్న మాస్కు పెట్టుకుని చేయాలి. గుడ్డ మాస్కు, దుమ్ము మాస్కు సీసం దగ్గర పనికిరావు. పని బట్టలు వేరుగా ఉతకాలి, పిల్లల్ని ఆ రోజుల్లో బంధువుల ఇంట్లో ఉంచగలిగితే ఇంకా మంచిది. ఇక్కడ ఊడేది తీసి గట్టిది కప్పేయడమే సురక్షితం. మొత్తం తీయాలన్న పట్టుదల వల్ల ఎక్కువ సీసం బయటికి వస్తుంది.

చెక్క అందం కనబడాల్సిందే. పెయింట్ ఉన్న గోడకు ఇది అన్నిటికంటే ఖరీదైన కోరిక. అయినా గట్టిగా అనుకుంటే ముందు జనం చూడని మూలలో ఒక చదరపు మీటరు పూర్తిగా తీసి, స్టెయిన్ వేసి, వారం తర్వాత చూడండి. పాత ప్రైమర్ చారల్లో తెల్లగా ఇరుక్కుపోయి రాకపోతే, గోడంతా అలాగే ఉంటుంది. అప్పుడు రంగు పూర్తిగా కప్పే స్టెయిన్‌తో సర్దుకోండి. చారలు కనబడకపోయినా గరుకు తెలుస్తుంది, పెయింట్‌లా ప్లాస్టిక్ తొడిగినట్టుండదు.

పొరలు మందమై నెర్రెలు బారిన గోడలు, ఇల్లు మీకు చాలాకాలం కావాలి. ఇన్‌ఫ్రారెడ్‌తో గోడకో సీజన్ చొప్పున చేసుకుంటూ పోండి. పరంజా కట్టించుకోండి, నిచ్చెన మీద నిలబడి ఒక చేత్తో హీటర్, ఒక చేత్తో స్క్రేపర్ పట్టుకోవడం ప్రమాదం.

చెక్క పెంకులు, ప్లైవుడ్. మెషిన్ సాండింగ్ వద్దు. పెంకులకు చేత్తో గీకి బ్రష్, ప్లైవుడ్‌కు మెత్తటి కెమికల్ లేదా జాగ్రత్తగా గీకడం. రెండిటికీ రంగు పూర్తిగా కప్పే స్టెయిన్ బాగా కుదురుతుంది.

## పని ఎప్పుడు, ఏ క్రమంలో

తీసిన చెక్కను ఎండలో ఎక్కువ రోజులు ఉంచకూడదు. సూర్యకాంతి చెక్క పీచును పట్టి ఉంచే లిగ్నిన్‌ను విరగ్గొడుతుంది, పైపొర పొడిలా మారుతుంది, కొత్త పెయింట్ ఆ పొడికే అంటుకుంటుంది. అమెరికాలోని మాడిసన్‌లో ఉన్న ఫారెస్ట్ ప్రొడక్ట్స్ లేబొరేటరీ చేసిన పరీక్షల్లో, కొద్ది వారాలు ఎండకు ఉన్నా పెయింట్ పట్టు తగ్గుతుందని తేలింది. కాబట్టి ఇల్లంతా తీసేసి ఒకేసారి ప్రైమర్ కొడదామనుకోకండి. ఒక గోడ తీయండి, రెండు వారాల్లోపు దానికి ప్రైమర్ కొట్టండి, తర్వాత రెండో గోడ ముట్టుకోండి. వాన వల్ల ఆలస్యమై చెక్క బూడిద రంగుకు తిరిగితే, ప్రైమర్‌కు ముందు 60 నంబరు సాండ్‌పేపర్‌తో పైపొర ఒకసారి తీయాలి.

పెయింట్ వేసే రోజు ఉష్ణోగ్రత 10 నుంచి 32 డిగ్రీల మధ్య ఉంటే బాగుంటుంది. ఎండ ముఖాన తగిలే గోడకు ఆ సమయంలో వేయకండి, నీడ ఎటు జరిగితే అటు జరుగుతూ పని చేయండి. మంచు పడే వేళకు కనీసం రెండు గంటల ముందే బ్రష్ కింద పెట్టేయాలి.

నూనె స్టెయిన్ వాడితే తుడిచిన గుడ్డపీలికల్ని ఉండగా చుట్టి మూల పడేయొద్దు. అలాంటి స్టెయిన్లలో ఉండే అవిసె నూనె ఆరుతూ వేడి పుట్టిస్తుంది, కుప్పలో ఆ వేడి బయటికి పోక తనంతట తానే అంటుకుంటుంది. విడివిడిగా పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్లు పోసిన మూతున్న ఇనుప డబ్బాలో వేయండి.

పని కాంట్రాక్టర్‌కు ఇచ్చేటట్టయితే ధర కంటే ముందు నాలుగు విషయాలు కాగితం మీద రాయించుకోండి: సీసం పరీక్ష ఎవరు చేయిస్తారు, ఏ పద్ధతితో ఎంతమేర తీస్తారు, ప్రైమర్‌కు ముందు తేమ మీటర్‌తో చూసి ఎంత శాతం ఉండాలని ఒప్పుకుంటారు, చివికిన పలక బయటపడితే అడుగుకు ఎంత చొప్పున మారుస్తారు. ఇవన్నీ పని మొదలయ్యాక తేల్చుకుందామనేవాళ్లతో మొదలుపెట్టకండి. పరంజా కట్టాక మీకు బేరమాడే వీలు ఉండదు.